తాత చేతుల్లో తొణకని చెంబు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు! మా తాతను జ్ఞాపకం చేసుకునే ఈ కూడికలో ఏడుస్తాననుకుని రెండు రుమాళ్ళు తెచ్చుకున్నాను, కానీ ఇక్కడ నిలబడేసరికి సంతోషమే తన్నుకొస్తోంది!

మా తాత ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బోగీలెత్తే క్రేన్ గొలుసులు చేసే కమ్మరి. ఆయన అతికిన లంకె విడిపోయిందన్న మాట ఎవరూ వినలేదు. అయినా సరే, ఏ గొలుసునైనా మోయాల్సినదానికంటే ఎక్కువ బరువు కట్టి టెస్టు చేశాకే వాడాలన్నది అక్కడి నియమం. తాత ఇంట్లో బట్టలారేసే తాడును కూడా వేలాడి చూడందే వదిలేవాడు కాదు.

అంతటి పనివాణ్ణి సారా పట్టుకుంది! షిఫ్టు దిగి గోల్‌బజార్ వైపు వెళ్ళాడంటే తూలుతూ తిరిగొచ్చేవాడు, పొద్దున్నే చేతులు వణికేవి, సుత్తి జారిపోయేది, చివరికి గొలుసుల పని నుంచి తప్పించి స్టోరులో కూర్చోబెట్టారు, అప్పుడూ మానలేదు. ఆ రోజుల్లోనే మా అమ్మ పురిటికి నిమ్‌పురా క్వార్టరుకు, అంటే పుట్టింటికి వచ్చి నన్ను కన్నది. తాత ఆశగా చేతులు చాపాడు.

"ఓపాలి ఇయ్యమ్మా, ఎత్తుకుంతాను."

"ఆ సేతులు సూసుకున్నావేటి నాన్నా? పిల్ల పడిపోద్ది. నాను ఇయ్యను," అంది అమ్మ.

ఆ మాటకు తాత చాపిన చేతులు వెనక్కి తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. పెరట్లో మోకాళ్ళ మీద పడి ఆయన చేసిన ప్రార్థనను అమ్మమ్మ విని తర్వాత మాకు చెప్పేది: "ప్రభువా, ఇనుము వంచే సేతులిచ్చినావు, నానే పాడుసేసుకున్నాను. మనవరాల్ని ఎత్తుకోలేని సేతులు నాకెందుకు? నువ్వే బాగుసెయ్యి తండ్రీ!"

దేవుడు విన్నాడు! అయితే తెల్లారేసరికి అయిపోలేదు. సంఘ పెద్దలు తాతను తాగుడు మాన్పించే ఆసుపత్రిలో చేర్పించారు, అమ్మమ్మ ఉపవాసముండి ప్రార్థించింది. ఇంటికొచ్చాక పాత తాగుడు స్నేహితుడు గేటు దగ్గర "చలో దాదా" అని పిలిస్తే, ఆ కేక వినపడకుండా తాత గట్టిగా పాట ఎత్తుకునేవాడు, శ్రుతి మాత్రం అడక్కండి!

కానీ నన్ను ఇమ్మని అడగలేదు. "ముందల టెస్టు అవ్వాల," అన్నాడు. రోజూ పొద్దున్నే ఇత్తడి చెంబు అంచుదాకా నింపి, పాత దుప్పటి చుట్టి, పసిబిడ్డలా గుండెకు ఆనించుకుని కుళాయి నుంచి వంటింటిదాకా నడిచేవాడు. దుప్పటి తడిసిపోయేది. పిండి ఆరేసి మర్నాడు మళ్ళీ మొదలుపెట్టేవాడు, పక్కింటి దీదీలు నవ్వినా పట్టించుకోలేదు. అలా నడిచి నడిచి, ఒక ఉదయం అమ్మ ఆ దుప్పటిని తడిమి చూస్తే పొడిగా ఉంది! చెంబు తీసి కింద పెట్టి, నన్ను ఆయన చేతుల్లో పెట్టింది. దేవునికే మహిమ!

తాత మళ్ళీ సారా ముట్టలేదు, సుత్తి పట్టాడు. నా ఉయ్యాలకు గొలుసు తానే చేశాడు, నన్ను పడుకోబెట్టే ముందు అమ్మమ్మను కూర్చోబెట్టి టెస్టు చేశాడు!

మొన్న ఆయన చివరి రోజుల్లో నాకు కొడుకు పుట్టాడు. బాబును తీసుకెళ్ళేసరికి తాత చేతులు ముసలితనంతో మళ్ళీ వణుకుతున్నాయి. మంచం మీంచే మా అమ్మతో, "ముందల సెంబట్టుకురామ్మా," అన్నాడు.

"అక్కర్లేదు నాన్నా, నీ టెస్టు ఏనాడో అయిపోనాది," అని అమ్మ బాబును ఆయన చేతుల్లో పెట్టి, ఆ చేతుల కింద తన చేతులు పట్టింది.

మన ప్రభువు కూడా అలాగే పట్టుకుంటాడు, ప్రియులారా! మీలో ఎవరి చేతులైనా వణుకుతుంటే దాచుకోకండి, ఆయన ముందు చాపండి. తాత చెంబు మా ఇంట్లోనే ఉంది, కావలసినవారు వచ్చి పట్టుకెళ్ళండి!