రెబెక్క రిజిస్టరుకు ఎక్కని పేరు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో పిల్లర్లకు నంబర్లు వేసింది ఇంజనీర్లే అయినా, వాటిని చిరునామాలుగా మార్చింది మాత్రం రోడ్డు మీద పడుకునేవాళ్ల బాగోగులు చూసే రెబెక్క. ఏ పిల్లర్ కింద ఎవరు పడుకుంటారు, ఎవరికి దగ్గు, ఎవరికి ఆధార్ కార్డు లేదు, అన్నీ ఆమె రిజిస్టరులో ఉంటాయి. అది లేనప్పుడు దుప్పట్లు పంచే పుణ్యాత్ములందరూ రోడ్డు మొదట్లో కనబడే ముసలాయనకే ఇచ్చి చక్కాపోయేవారు. ఆయనకు ఆరు దుప్పట్లు, అవతలి పిల్లర్ వాళ్లకు చలి. ఇప్పుడు దుప్పట్లవాళ్లు, దవాఖానవాళ్లు, షెల్టర్‌వాళ్లు ముందు రెబెక్కకే ఫోన్ చేస్తారు.

"రోడ్డు మీదోళ్ల జాతకాలన్నీ చెప్తది. ఇంట్ల నా కండ్లద్దాలు ఏడున్నయో తెల్వదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నరు," అని ఆమె భర్త సుందరయ్య చర్చిలో అందరి ముందూ అంటాడు. అద్దాలు ఆయన నెత్తి మీదే ఉంటాయి.

ఆమెకో నియమం ఉంది. మనిషి తన నోటితో ఇల్లు లేదని చెప్పందే పేరు ఎక్కించదు. ఇది ఊరికే రాలేదు. కొత్తలో ఒక తెల్లవారుజామున బస్టాపులో పడుకున్న రామమోహనరావు అనే పెద్దమనిషిని, నిద్ర లేపడం పాపమని, తానే జాబితాలో రాసేసి షెల్టర్ వ్యాన్ పిలిపించింది. ఆయనకు వనస్థలిపురంలో రెండంతస్తుల మేడ ఉంది. లేనిదల్లా ఆ పూట భార్యతో మాటలే. "మా ఆయన్ని దిక్కులేనివాణ్ణి చేశావుటమ్మా?" అంటూ ఆవిడ వచ్చి నడిరోడ్డు మీద కడిగిపారేసింది.

కిష్టమ్మ దగ్గరకొచ్చేసరికి ఆ నియమమే అడ్డం పడింది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో ఇరవై ఏళ్లు మామిడిపండ్ల పెట్టెల్లో గడ్డి పరిచిన మనిషి. మార్కెట్ తరలిపోయాక పని పోయింది, చివరికి కిరాయి గదీ పోయింది. గది సంగతి చాయ్ బండివాళ్లు చెప్పిందే. ఆమెను అడిగితే తమ్ముడి ఊరు సూర్యాపేట పోతున్నానంటుంది. నెల రోజులుగా ఎల్‌బీ నగర్ బస్టాపులో, ఒళ్లో మూటతో, పగలూ రాత్రీ కూర్చునే ఉంది.

ఆ మంగళవారం పొద్దున ఆడవాళ్ల షెల్టర్‌లో ఒక మంచం ఖాళీ అయింది. పన్నెండింటిలోగా పేరు పంపకపోతే ఇంకో ఏరియాకు పోతుంది. వానలు దగ్గరపడ్డాయి. కిష్టమ్మ పాదాలు వాచి ఉన్నాయి. రెబెక్క ఆమె పక్కన చతికిలబడింది.

"ఏందమ్మా, బస్సు ఇంకా రాలే?"

"ఒస్తది బిడ్డా."

"పొద్దుగాల సంది సూర్యాపేటకు ఐదు పోయినయి గదా!"

"గవి ఎక్స్‌ప్రెస్‌లు. అండ్ల నాకు కడుపుల తిప్పుతది."

"నెల రోజుల సంది తిప్పుతనే ఉన్నదా?"

కిష్టమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అయినా మాట మార్చలేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడన్నారు గానీ, మొండి ముసలమ్మను చూసి ఉంటే సామెత ఇంకో మెట్టు పైకి పోయేది.

పదకొండున్నర అయింది. షెల్టర్‌లో మంచం సంగతి చెప్పినా కిష్టమ్మ బస్సు మాటే అంటోంది. ఇక రెబెక్కకు వేళాకోళం చేతకాలేదు. రిజిస్టరు మూసి పక్కన పెట్టింది.

"నా పెండ్లి గాక ముందు, నేను మా అమ్మ రెండేండ్లు చర్చి వరండాల పండుకున్నం. ఎవరన్న అడిగితె ప్రార్థనకు ఒచ్చినమనేటోళ్లం. రోజుకు ఎన్ని ప్రార్థనలని పాపం పాస్టరు గూడ అడగలే," అంది.

కిష్టమ్మ ఒళ్లో మూటను ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఆడ తలుపుకు లోపల గడియ ఉంటదా?"

రెబెక్క రిజిస్టరులో ఇరవై రెండు ప్రశ్నలున్నాయి. ఇది లేదు.

"ఉంటదమ్మా. గట్టి గడియ."

"అయితె రాయి. నాకు ఇల్లు లేదు," అంది కిష్టమ్మ. "నెల రోజులైంది బిడ్డా, నడుం వాల్చి పండుకోక."