నేను కత్తిరించిన ఊడ

నీలం నగర్‌లో మా మరమగ్గాల షెడ్డు మూతబడ్డాక, వృక్షోద్యానంలో మాలీకి సాయంగా చేరాను. బీడీలు చుడుతూ పొగాకు దుమ్ముకు దగ్గు పట్టి ఆ పని మానేసిన నా భార్య అప్పటికే అక్కడ ఆకులు ఊడుస్తోంది.

తోట నడుమ ఒక మహావృక్షం ఉంది. మర్రికి చుట్టమే గాని మన మర్రి కాదు, దూరదేశపు జాతి. మొదలు చుట్టూ వేళ్లు గోడల్లా లేచి ఉంటాయి. దాని పెద్దకొమ్మ ఒకటి బెంచీ మీదుగా సాగింది. మధ్యాహ్నం ఊడ్చే ఆడవాళ్లంతా ఆ నీడలోనే డబ్బాలు విప్పుతారు.

చేరిన రోజే ఆ కొమ్మకు సన్నని ఊడలు వేలాడటం చూశాను. దుప్పటి మగ్గం దిగగానే అంచున వేలాడే పోగులు కత్తిరించిన చేతులు నావి. పోగు కనబడితే సేఠ్ మాల్ వెనక్కి పంపేవాడు. ఆ చిన్న కత్తెర ఇంకా జేబులోనే ఉంది. ఎవరినీ అడగకుండా ఊడలన్నీ కత్తిరించాను, కింద నేలలో పాతిన వెదురు గొట్టంలోకి దిగుతున్న లావుపాటి దాన్ని కూడా. పని నీటుగా చేశాననుకున్నాను.

సాయంత్రం మాలీ దూరం నుంచే ఆ గొట్టం చూపించాడు. "గా ఊడ భూమికి అందితే గదే ఖంబం అయితది, తమ్మీ. కొమ్మ లోపల బోలు. గది లేకుంటే ఎన్నడో కూలుతది."

అతను వెళ్లగానే తెగిన కొసను గొట్టంలోకి దోపి, కోత కనబడకుండా పైన మట్టి మెత్తాను. మరునాడు అతను సన్న ఊడలేవని అడిగితే, "బడిపిల్లలు తెంపిండ్రు కాకా" అన్నాను.

నా భార్య ఊడ్చిన చెత్తలోంచి ఒక ముక్క తీసి చూపింది. "పోరగాండ్లు గింత సాఫ్‌గ తెంపుతరా? గిది నీ కత్తెర కోతనే."

"ఊకో. ఇద్దరి కామ్ పోతది."

ఆమె మధ్యాహ్నం మిగతా ఆడవాళ్లను పంపు దగ్గరికి పంపేసి, తానొక్కతే ఆ బెంచీ మీద డబ్బా విప్పింది.

"లేవవే అక్కడినుంచి!"

"నువ్వు కాకాకు చెప్పేదాంక గీడనే తింట. నీకు భయమైతలేదంటే నాకెందుకు భయం?"

అప్పుడైనా మాలీ దగ్గరికి పరుగెత్తలేదు నేను. ఆమె తిని డబ్బా మూసేదాకా కొమ్మను చూస్తూ నిలబడ్డాను. గాలి లేచి అది కిర్రుమన్నాక గాని కాళ్లు కదలలేదు.

మాలీ అంతా విన్నాడు. "కోసినవంటే ఎరకలేక కోసినవు. మట్టి మెత్తుడు ఎరకలేకనా?"

ఇద్దరం దుంగలు మోసుకొచ్చి కొమ్మకు ఊతం నిలిపాం. అది కదలకుండా నిలిచాకే ఆమె బెంచీ మీంచి లేచింది. నా పని పోలేదు. తెగిన కొసకు రోజూ నీళ్లు చిలకరిస్తున్నాను, ఇంకా కొత్త వేరు రాలేదు. ఆమె ఇప్పుడు పంపు దగ్గర ఆడవాళ్లతో తింటుంది. నన్ను పిలవదు.