తోకలు కోసే ఫాబియన్

ఫాబియన్ పాడుతుంటే వినాలనిపించేది. నోరు తెరిచి మాట్లాడితే మాత్రం లేచి పోవాలనిపించేది. మా బొరోవెట్స్ ఊళ్లో తోళ్లు పదును చేసేవాళ్ల ఇంట పుట్టి, గొంతు పుణ్యమా అని నాలుగు లాటిన్ ముక్కలు నేర్చి, గురుపట్టం పొంది, మా గుడిలోనే మాన్సనరీగా కుదిరాడు. మాన్సనరీలంటే గుడికి పెద్దయిన విచారణ గురువు చేతికింద ఉండే చిన్న గురువులు. పూజలో సాయం చేయాలి, రోజూ తెల్లవారగానే మరియమ్మ కీర్తనలు పాడాలి. అందరికీ ఒకటే ఇల్లు, ఒకటే బల్ల.

స్వీడన్ సైన్యం, దాని వెనకే మహమ్మారి వచ్చి పోయాక మాన్సనరీల్లో మిగిలింది ఇద్దరే. రెండోవాడు ముసలి క్లెమెన్స్. చితికిపోయిన జమీందారు వంశం. చెప్పులకు తాళ్లు కట్టుకు తిరిగినా బల్లకు మొదట్లోనే కూర్చునేవాడు. క్యాబేజీ కూరలో మాంసం ముక్కలన్నీ ముందు తన గిన్నెలోకి తోడుకునేవాడు.

"జరగరా, నీ దగ్గర ఇంకా పచ్చితోలు కంపు పోలేదు" అనేవాడు.

"తమరి దగ్గర ఏ కంపూ రాదులెండి దొరగారూ. తిండి ఉంటే కదా!" అనేవాడు ఫాబియన్.

ఫాబియన్ కసి తీర్చుకునేది గుడిలో. కీర్తనలు ఎదురెదురు వరసల్లో కూర్చుని పాడాలి. ఒక చరణం ఇటు, తర్వాతది అటు. క్లెమెన్స్ చివరి అక్షరం పలికేలోపే ఫాబియన్ అందుకునేవాడు. ఊళ్లో దాన్ని తోక కోయడం అన్నారు. ఏళ్ల తరబడి క్లెమెన్స్ ఒక్క చరణం కూడా పూర్తిగా ముగించలేకపోయాడు.

ఆ ఇల్లు కట్టించి ఇచ్చినావిడ ఒక షరతు పెట్టింది. పాట రెండు వైపుల నుంచీ వినిపించినన్నాళ్లే ఇల్లు వాళ్లది. ఆగిందా, విచారణ గురువుది. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. బీరు కోసం బార్లీ నానబెట్టి ఆరబోయడానికి చోటు చాలక అవస్థపడుతున్న విచారణ గురువు సెవెరిన్‌కు ఇంకా బాగా తెలుసు.

పాట సాగుతోందో లేదో చూడడానికి బిషప్ గారి తనిఖీదారు వస్తున్నాడనగానే సెవెరిన్ ఫాబియన్‌ను పిలిపించాడు.

"రేపు పొద్దున పాటకు పోకు. నిన్ను నా సహాయ గురువుగా వేసుకుంటా. వేరే గది, వేరే తిండి. వాడి మొహం మళ్లీ చూడక్కర్లేదు."

"మరి వాడు?"

"అడుక్కుతింటాడు. నీకేం నొప్పి?"

"నొప్పేం లేదయ్యగారూ. సంతోషంతోనే అడిగాను."

మర్నాడు ఫాబియన్ పీఠం వెనకగదిలో సెవెరిన్ పక్కన కూర్చున్నాడు. తనిఖీదారు ముందు బెంచీలో ఉన్నాడు. క్లెమెన్స్ మొదటి చరణం పాడాడు. ఎదుటి వరస పలకలేదు. అప్పుడు క్లెమెన్స్ లేచి, అంగీ ఎత్తి పట్టుకుని అటువైపు పరిగెత్తాడు. ఫాబియన్ పీట మీద కూర్చుని, ముక్కుతో సాగదీస్తూ, ఫాబియన్ గొంతుతో రెండో చరణం పాడాడు. మళ్లీ ఇటు పరుగు. మళ్లీ అటు.

"అయ్యో, ఫాబియన్ ఫాదర్ ఈయనకు పూనాడే!" అంది చెప్పులు కుట్టే ఆయన భార్య ఉర్షుల. బెంచీలన్నీ నవ్వాయి.

వెనకగదిలో ఫాబియన్ మొహం కందగడ్డయింది.

"నేనలా పాడతానా?"

"ఎలా పాడితే ఏంటి? కూర్చో. ఆ ముసలాడు ఎంతసేపు గెంతుతాడు!"

"ముక్కుతోనా? మేకలాగానా?"

"ఒరే ఫాబియన్, కూర్చోరా!"

ఫాబియన్ తలుపు తోసుకుని వెళ్లాడు. తన పీట మీద ఉన్న క్లెమెన్స్‌ను మెడపట్టి లేపి, తర్వాతి చరణాన్ని కిటికీ అద్దాలు అదిరేలా అందుకున్నాడు. క్లెమెన్స్ ఆయాసపడుతూ తన వరసకు చేరి బదులు పలికాడు. తనిఖీదారు పాట చివరిదాకా విని, రెండు వైపులూ పాడుతున్నాయని తేల్చి, సెవెరిన్ ఇంట భోజనానికి లేచాడు.

గుమ్మంలో సెవెరిన్ ఫాబియన్ చెయ్యి పట్టుకున్నాడు. "గాడిదా! గది పోయింది, పదవి పోయింది. ఇక చచ్చేదాకా ఆ బల్ల దగ్గరే ఏడు."

"అది సరే అయ్యగారూ, ఊళ్లో అందరికీ నా పాట అలాగే వినిపిస్తోందా?"

సెవెరిన్ ఉమ్మేసి పోయాడు.

మధ్యాహ్నం బల్ల మీద పులిసిన పిండి చారు ఉంది. క్లెమెన్స్ ఎప్పట్లాగే ముందు తన గిన్నె నింపుకున్నాడు.

"నీ కోసం రాలేదు" అన్నాడు ఫాబియన్.

"నీకంత మంచితనం ఉందని నేనూ అనుకోలేదు" అన్నాడు క్లెమెన్స్, గరిటె ఇవ్వకుండా.

ఫాబియన్ లేచి బల్ల మీదుగా వంగి గరిటె లాక్కున్నాడు.