ఇంటికి వచ్చిన జ్వరం

నర్సమ్మ చనిపోయిందని చెల్లె ఉత్తరం రాసింది. పని మానుకున్నాక ఆసిఫాబాద్‌లో తన తమ్ముడి ఇంట్లో ఉంటున్నదట, పోయిన ఆదివారం కన్నుమూసిందట. "ఆమె మొహం కూడా నాకు గుర్తు లేదు అక్కా, నీకు తప్పకుండా రాయమని అవ్వ అంటే రాస్తున్న" అని చివర్లో చేర్చింది. ఆ వాక్యాన్ని మళ్లీ చదివాను. చెల్లె ఈ రోజు ఉత్తరం రాయగలుగుతున్నదంటే ఆ మనిషి వల్లే. ఆ సంగతి చెల్లెకు తెలియదు. మమ్మల్ని కన్న అవ్వకు కూడా సగమే తెలుసు. మిగతా సగం పదకొండేళ్లుగా నా కడుపులోనే ఉంది.

అప్పుడు మేము బెల్లంపల్లి దగ్గర బొగ్గుగని కాలనీలో ఉండేవాళ్లం. నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన గనిలో దిగేవాడు. వరుసగా కట్టిన రేకుల ఇళ్లలో మాది మూడోది, నర్సమ్మది చివరిది. మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుని కాలనీ దవాఖానకు నర్సుగా వచ్చింది. ఆదివారం ప్రార్థనలో ఆమె పాట అందుకుంటే పక్కవాళ్లు శ్రుతి వెతుక్కోవాల్సి వచ్చేది. అయినా గొంతు తగ్గించేది కాదు.

ఆమెకు వేడి అంటే ఒక మనిషి లాంటిది. ఎక్కడి నుంచి వచ్చింది, ఎటు పోతోంది అని ఆరా తీసేది. చాయ్‌ని సాసర్లో పోసుకుంటూ, "వెడల్పుల పోస్తే దీనికి తొవ్వ దొరుకుతది" అనేది. పిల్లల నుదురు ముట్టుకుని జ్వరం లేదని తేల్చేసే తల్లులంటే ఆమెకు మహా కోపం. ఒక చెయ్యి రంజన్ కుండలోని చల్లటి నీళ్లలో, ఒక చెయ్యి కాగే నీళ్ల దగ్గర కాసేపు పెట్టించి, రెండు చేతులతో ఒకే బిడ్డను ముట్టుకొమ్మనేది. "ఒక చెయ్యి సల్లగున్నదంటది, ఒకటి కాలుతున్నదంటది. ఏది నమ్ముతవ్?" అని అడిగేది. ఇప్పుడు కరీంనగర్‌లో ఆడపిల్లలకు సైన్సు చెబుతూ, వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు అని నల్లబల్ల మీద రాస్తుంటాను. పుస్తకంలో అది ఒక్క వాక్యం. నాకు మాత్రం అది రాసిన ప్రతిసారీ ఆమె అడిగిన ప్రశ్న వినిపిస్తుంది.

నాది చిన్నప్పటి నుంచీ పిరికి ప్రాణం. బాపు షిఫ్టు నుంచి పావుగంట ఆలస్యమైతే అన్నం దిగేది కాదు. నర్సమ్మ నాకు థర్మామీటర్ చూడటం నేర్పుతూ ఆటపట్టించేది. "ఈ పాదరసం ఒక్కసారి ఎక్కిందంటే దానంతటది దిగదు, ఇదిలించాలె. నీ పానం గూడ గిట్లనే ఉన్నది బిడ్డా" అని నవ్వేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలం అది. చెల్లెకు మూడేళ్లు, నాకు పద్నాలుగు. చెల్లెకు రెండు రోజులుగా జ్వరం. ఆ పొద్దున నర్సమ్మ దవాఖానకు పోతూ మందిచ్చి, తన థర్మామీటర్‌ను తడిగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. "సూసేదాక తడిబట్టలనే ఉండాలె. బట్ట ఆరితే మళ్ల తడుపు. ఎందుకో మాపటికి చెప్త, మర్వకు" అని గబగబా వెళ్లిపోయింది.

నేను మరవలేదు. తెలివి ఉపయోగించాను. అంత విలువైన వస్తువు తడిలో నానితే అంకెలు చెరిగిపోవూ అనుకుని, శుభ్రంగా తుడిచి, ఆరిన గుడ్డ పరిచి, ట్రంకు పెట్టె మీద పెట్టాను.

మధ్యాహ్నానికి రేకుల కింద ఊపిరాడలేదు. చెల్లె కళ్లు తెరవడం లేదు, పెదవులు ఎండిపోయాయి. నేర్చుకున్నట్టే థర్మామీటర్ విదిలించి, చంకలో పెట్టి, తీసి చూశాను. నూట తొమ్మిది. అంకె పైకి చదవగానే అవ్వ నెత్తి కొట్టుకుంది. రాత్రి షిఫ్టు దిగి పడుకున్న బాపు లేచి, పిల్లకు ఎండ తగలకుండా గొంగడి చుట్టాడు. బస్సు దొరికే చోటికి మూడు మైళ్లు. "పెద్ద దవాఖానకు తీస్కవోత. ఆగితే దక్కదు" అన్నాడు. నేను నర్సమ్మ కోసం కాలనీ దవాఖానకు పరుగెత్తాను. నూట తొమ్మిది అన్న మాట ఒక్కటే చెప్పాను. ఆమె చేతిలో ఉన్న గిన్నె బల్ల మీద పడేసి నాకంటే ముందు ఉరికింది.

మేము చేరేసరికి బాపు గడప దాటుతున్నాడు. నర్సమ్మ చేతులు అడ్డం పెట్టింది.

"ఆగు! గా ఎండల పోతే తొవ్వలనే పానం పోతది. ముందుగాల గొంగడి తియ్యి."

"నూట తొమ్మిదట నర్సమ్మా!"

"నన్ను సూడనియ్యి."

లోపలికి వచ్చి పెట్టె వైపు చూసింది. ఆరిన గుడ్డను చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆమె ఆ గుడ్డను రంజన్‌లో ముంచి, థర్మామీటర్‌కు చుట్టి, కాసేపాగి విదిలించింది. గీత కిందికి దిగింది. దాన్ని ఎవరికీ తగిలించకుండా గాలిలో పట్టుకుంది. మా కళ్ల ముందే గీత మెల్లగా పైకి పాకి నూట ఎనిమిది దాటింది.

"ఇదిలించినా మళ్ల గాలి వేడికే ఎక్కింది, ఒంటికి పెట్టినా దిగదు. ఇగ చెప్పుండ్రి, జ్వరం పిల్లకా, ఇంటికా?"

మళ్లీ చల్లబరిచి చెల్లె చంకలో బిగించింది. నూట నాలుగు. బాపు గోడకు ఒరిగాడు. "మీటర్ మొరాయించింది, పెద్దపిల్లదేం తప్పు లేదు" అని నర్సమ్మ నా తల మీద చెయ్యి వేసింది. నేను నోరు తెరవలేదు. తెరవాల్సింది.

"నూట నాలుగు గూడ తక్కువేం గాదు. ఒంటికన్న గాలే ఎక్కువ కాగుతున్నది. లోపలి వేడి బయటికి పోదు, బయటిదే లోపలికొస్తది. ఇగ నీళ్లొక్కటే దిక్కు. పల్చటి బట్టలు తడిపి కప్పుండ్రి, ఇసురుండ్రి. తడి ఆరుకుంట వేడిని పట్టుకపోతది" అంది.

అవ్వ గుడ్డలు తడిపింది, బాపు నీళ్లు మోశాడు, నర్సమ్మ విసురుతూ చెంచాతో నీళ్లు పోసింది. నూట నాలుగు. మళ్లీ నూట నాలుగు. ప్రతిసారీ గీత చూసేముందు ఆమె పెదవులు ప్రార్థనతో కదిలేవి. ధైర్యం చెబుతున్న మనిషి కూడా భయపడుతోందని తెలిసింది. ఈ పిల్లకు ఏమైనా అయితే నేను ఎలా బతకాలి అని అప్పుడనుకున్నాను. ఇప్పటికీ కొన్ని మధ్యాహ్నాలు అలాగే అనుకుంటాను.

పొద్దు వాలేవేళకు నూట ఒకటికి దిగింది. చెల్లె కళ్లు తెరిచి గంజి అడిగింది. అవ్వ ఏడుస్తూ నర్సమ్మ కాళ్లు పట్టుకోబోయింది. నర్సమ్మ చప్పున కాళ్లు వెనక్కి లాక్కుని, పళ్లు బిగించింది. అప్పుడు చూశాం. దవాఖాన గడప దగ్గర ఆమె విడిచిన చెప్పులు అక్కడే ఉండిపోయాయి. బొగ్గుపొడి పరుచుకున్న ఆ నల్లటి బాట మీద నేను బాపు చెప్పులతో పరుగెత్తాను. ఆమె వట్టి కాళ్లతో ఉరికింది. అరికాళ్ల నిండా బొబ్బలు.

అవ్వ వెన్న కోసం పక్కింటికి ఉరికింది. చెల్లెకు కప్పిన వాటిలోంచి ఒక తడిబట్ట తీసి నేను ఆ పాదాలకు చుట్టాను. తప్పు నాదే నర్సమ్మా అని అప్పుడైనా అనలేకపోయాను. ఆమె తన పాదాలు నా ఒళ్లో ఉంచి, నా వైపు చూడకుండా, గంజి తాగుతున్న చెల్లెకు విసురుతూనే ఉంది.