సున్నివా పచ్చిపిండి సీసా

మా చెల్లెలు సున్నివాకు చిన్నప్పుడే ఊరు తిండిబోతని పేరు పెట్టింది. కాలేయం దాచుకున్న చక్కెరను పూర్తిగా విడగొట్టే ఎంజైము దానికి పుట్టుకతోనే లేదు. వేళకు తినకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. మా ఫారో దీవుల్లో కొన్ని కుటుంబాలకు ఈ జబ్బు తరతరాలుగా ఉంది, అయినా వెక్కిరించే నోళ్లకు తెలివి రాలేదు. అది బడి బస్సు నడిపేటప్పుడూ పచ్చి మొక్కజొన్న పిండి కలిపిన నీళ్ల సీసా పక్కనే ఉంటుంది. ఉడికిస్తే ఆ పిండి తొందరగా అరిగిపోతుంది. పచ్చిదైతే గంటల తరబడి ఆదుకుంటుంది.

నా మొగుడు హానుస్‌కు ఆ సీసాను చూస్తే ఒళ్లు మంట. కొండ మీది గొర్రెలన్నిటికీ పెద్దకాపరి ఆయన. శరదృతువులో ఊరంతా వరసకట్టి వాటిని కిందికి తోలుతాం. అవి రాతిదొడ్డిలో పడేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు, మా పెద్దల ఆచారం. ఈ ఏడు కొండ మీద వరస కడుతుండగా సున్నివా చేతిలో సీసా ఆయన కంటపడింది.

"ఏం మరదలా, పాలసీసా తెచ్చుకున్నావా? ఒక్కపూట పస్తుంటే చచ్చిపోవులే!"

"చచ్చిపోతాను బావా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

జనం పకపకా నవ్వారు. ఆయన సీసాతో సహా దాని సంచీ లాక్కుని, దొడ్డికి వెళ్లే అన్నాల బండిలో పడేశాడు. వరస అవతలి కొసన ఉన్న నాకు ఆ సంగతి తెలిసేసరికి బండి దిగిపోయింది.

అంతలో పొగమంచు కమ్మి అందరం ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోయాం. మంచు కాస్త పలచబడ్డాక చూస్తే సున్నివా చెమటలు కారుతూ కూలబడి ఉంది. మాట ముద్దగా వస్తోంది. నేను వరస వదిలి కిందున్న బండి దగ్గరికి పరిగెత్తాను.

"కదిలావంటే కాళ్లు విరగ్గొడతా! గొర్రెలు పారిపోతాయే!" హానుస్ అరిచాడు.

"పోనీ! నీ గొర్రెలకు నా చెల్లెల్ని బలిపెట్టనా?"

సంచీ తెచ్చి, అందులోని తీపి రసం ముందు కొద్దికొద్దిగా, కాస్త తేరుకున్నాక పిండినీళ్లు పట్టించాను. ఈలోగా నేను వదిలిన సందులోంచి సగం మంద కొండెక్కేసింది.

దొడ్డి దగ్గర హానుస్ చేతికర్ర నేలకేసి కొట్టాడు. "అక్కాచెల్లెళ్లకు ఈ ఏడు మాంసంలో వాటా లేదు!"

సున్నివా గోడ పట్టుకుని లేచింది. "వాటా లేదనడానికి నువ్వెవరు బావా? ఈ కొండ మా నాన్నది. అక్క మొగుడివని కాపరితనం ఇచ్చాం. నా ప్రాణం కంటే గొర్రెలే ఎక్కువైన కాపరి మాకొద్దు. ఆ కర్ర ఇక్కడ పెట్టి ఇంటికి పో."

హానుస్ నా వంక చూశాడు, పెళ్లాన్ని కదా, సర్దిచెబుతాననుకున్నాడు. నేను కర్ర కోసం చెయ్యి చాపాను. ఇచ్చేదాకా దించలేదు.