బాపు ముట్టని రొట్టె

ఈ ఆదివారం ప్రభు భోజనానికి చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం పోస్తుంటే, ఆ పులుపు వాసనకు నా చిన్నప్పటి దబీర్‌పురాలోని మా రేకుల చర్చి గుర్తొచ్చింది. నాన్నను బాపు అనేవాళ్లం; ఆయనే అక్కడ పాస్టరు. బాబాయి తాగి నడిపిన స్కూటరు మీది నుంచి పడి అమ్మ చనిపోయిన ఏడాది అది. అందరికీ రొట్టె, రసం పంచే బాపు తాను మాత్రం ముట్టేవాడు కాదు. పంచేసరికి ఆయనకు మిగలడం లేదనుకున్నాను.

ఒకరోజు ఆరాధన అయ్యాక ఆయన చేతిలో బన్ను పెట్టాను.

"నీ కోసమే తెచ్చిన బాపూ, తిను."

బాపు అక్కడే కూలబడి ఏడ్చాడు. "క్షమించమని అందరికీ చెప్తున్న బిడ్డా, నాతోనే అయితలేదు. మనసుల పగ పెట్టుకొని ఆ రొట్టె ఎట్ల ముట్టాలె?"

నాకేమీ అర్థం కాలేదు. బన్ను నచ్చలేదేమోనని, వెనక బెంచీలో ఒక్కడే కూర్చున్న బాబాయికి ఇచ్చాను.

"మీ బాపు తిననిది నేనెట్ల తింట బిడ్డా?" అని పక్కన పెట్టేశాడు.

ఇప్పుడు నేనూ పాస్టర్‌నే. క్షమాపణ గురించి ప్రసంగించాల్సిన ప్రతిసారీ, ఆ బెంచీ మీద చీమలు పట్టిన బన్నే కనిపిస్తుంది.