సర్వరన్న చెప్పిన అబద్ధం

నా చిన్నప్పుడు గుంతకల్లులో ఒక హోటల్లో జరిగిన సంగతి ఇది. అక్క పిల్లలకు, వాళ్ళమ్మ పెళ్ళి ఎక్కడ తప్పిపోబోయిందో తెలియాలి. అందుకే రాసి పెడుతున్నాను.

అప్పుడు నాకు పదేళ్ళు. మా ఊరు కణేకల్‌లోని లైబ్రరీలో పిల్లల పుస్తకాలన్నీ ముగించి పెద్దల బీరువా మీద పడ్డాను. ఆ గర్వం తలకెక్కి ఉండేది. నాయనకు అక్షరం రాదు. బస్సు బోర్డులు చదవడానికి ఎక్కడికి పోయినా నన్ను వెంట తీసుకెళ్ళేవాడు.

అక్కకు వచ్చిన రైల్వే సంబంధం ఆమెకు ఎంతో నచ్చింది. కానీ చదువు లేని ఇంటితో వియ్యం వద్దని పెళ్ళికొడుకు తండ్రి ముందే అన్నాడట. దాంతో మధ్యవర్తి మా నాయన ఏడో తరగతి చదివాడని చెప్పేశాడు. అది మాకు తెలిసేసరికే, హోటల్లో కూర్చుని మాట్లాడుకుందామని ఊళ్ళోని ఎస్టీడీ బూత్‌కు వాళ్ళ ఫోన్ వచ్చేసింది.

గుంతకల్లు హోటల్లో పెళ్ళికొడుకు తండ్రి, ఏమేమి దొరుకుతాయో అచ్చువేసిన కార్డును నాయన ముందుకు జరిపాడు. “నువ్వే చూసి చెప్పన్నా, ఏం తిందాం?”

నాయన కార్డు తెరిచాడు. ఆయన చూపు ఒకే చోట నిలిచిపోయింది. చెవి వెనక నుంచి చెమట జారుతోంది. నేను చదివి వినిపిద్దామని చేయి చాచాను. బల్ల కింద నాయన మోకాలు నా మోకాలిని గట్టిగా నొక్కింది.

పక్కన నిలబడ్డ సర్వరు నాయన ఈడువాడే. ఒక్క క్షణం ఆయన కళ్ళవంక చూసి, చటుక్కున కార్డు తీసేసుకున్నాడు.

“ఇది పాతదిలే అన్నా. దీంట్లో ఉండేటివి సగం ఇప్పుడు చేయడంలే. నేను చెప్తా ఇను. ఇడ్లీ, వడ, ఉగ్గాని బజ్జి, పూరీ, ఉల్లి దోశ, కారం దోశ...” ఊపిరి తీసుకోకుండా పాటలా చదివేశాడు.

కార్డు పాతది కాదు. దాని ప్లాస్టిక్ తొడుగు ఇంకా మెరుస్తోంది. “కొత్తదే కదా!” అనే మాట నా నాలుక చివరికి వచ్చింది. సర్వరు నావైపు తిరిగాడు. “ఏం పాపా, నీకేం కావల్ల?” నవ్వుతూనే అడిగాడు గానీ, కళ్ళు నవ్వలేదు. తెలిసిన మాటను మింగడం నాకు అదే మొదలు.

బొరుగులతో చేసిన ఉగ్గాని, పక్కన బజ్జీలు వచ్చాయి. నాయన అందులో చేయి పెట్టలేదు.

“ఒక మాటన్నా. నాకు చదువు రాదు. ఏడో తరగతి మాట అబద్ధం. ఈయప్ప నా మర్యాద కాపాడినాడు గానీ, పిల్లనిచ్చే తావ దాచకూడదు. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు.”

సర్వరు పక్క బల్లను, తుడిచిన చోటనే మళ్ళీ తుడుస్తున్నాడు. నాకు ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న అక్క ముఖమే కనిపిస్తోంది. చివరికి పెళ్ళికొడుకు తండ్రి ఒక బజ్జి తుంచాడు.

“తిను బావా, సల్లారిపోతాది.”

అంతవరకు అన్నా అని పిలిచిన మనిషి బావా అన్నాడు. నాయన తల వంచుకుని తిన్నాడు. ఉగ్గాని కారంగా ఉందన్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

నేను మరిచిపోయిన ముక్కలు అందించిన అక్కకు, బావకు నమస్కారాలు. సర్వరన్నకు పేరు పెట్టి చెప్పాలని ఉంది గానీ, ఆ రోజు ఆయన పేరు మేమెవరమూ అడగలేదు.

ఇప్పుడు ఆసుపత్రిలో ఎవరైనా చీటీ పట్టుకుని ఒకే చోట చూస్తూ ఉంటే, “నాకూ ఇట్లాంటిదే రాసిచ్చినారు, ఒకసారి చూస్తా ఇయ్యండి” అని పక్కన కూర్చుని పైకి చదువుతాను. ఆ అబద్ధానికి నాకు ఇంతవరకు సిగ్గు కలగలేదు.